నేను మెచ్చిన బ్రాండ్ పోచంపల్లి, ఆ పేరుకు కాపలా ఏది?

మంచి బట్టల బ్రాండ్ ఏదన్న చర్చ ఎక్కడ మొదలైనా లోగో దగ్గరో రేటు దగ్గరో ఆగిపోతుంది. ఆఫీసుకు వెళ్లే కుర్రాళ్లు పీటర్ ఇంగ్లండ్, అలెన్ సోలీ అంటారు. కాలేజీ పిల్లలు జుడియో అంటారు. పెళ్లి సూటు అనగానే పెద్దవాళ్లకు ఇప్పటికీ రేమండే గుర్తొస్తుంది. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఒక పేరును ఒంటి మీద వేసుకోవడానికి నేను చూసే లెక్క వేరు. ఆ పేరుతో నాసిరకం సరుకు అమ్మితే ఎవరు అడ్డుకుంటారు? దొంగ సరుకు దొరికితే ఎవరు కోర్టుకు వెళతారు? ఈ ప్రశ్నలకు జవాబు ఉంటేనే ఆ పేరును నమ్మి డబ్బు పెట్టొచ్చు.

జీన్స్ కంపెనీ లీవైస్ సంగతే చూడండి. అమెరికాలోని నెవాడాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కూలీల ప్యాంటు జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని మూలల్లో రాగి రివెట్లు కొట్టాడు. పేటెంటు ఖర్చు ఒక్కడే భరించలేక, తనకు గుడ్డ పంపే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్‌ను కలుపుకొన్నాడు. 1873 మే 20న వాళ్లిద్దరికీ పేటెంటు వచ్చింది. 1890 నాటికి దాని గడువు తీరింది, రివెట్లు ఎవరైనా కొట్టుకోవచ్చు. అక్కడి నుంచి ఆ కంపెనీని నిలబెట్టింది పేరే. రెండు గుర్రాలు ప్యాంటును చెరోవైపు లాగుతున్న తోలు ముక్క, 1936లో జేబు అంచుకు కుట్టిన ఎర్ర గుడ్డ ముక్క, వెనక జేబు మీద వంపు తిరిగిన కుట్టు, అన్నీ దాని ట్రేడ్‌మార్కులే. ఆ జేబు కుట్టును పోలిన కుట్టు వేశారని ఎన్నో కంపెనీల మీద కేసులు పెట్టింది. ఒక కుట్టు కోసం అంత పట్టుదల. అందుకే ఆ పేరుకు ఆ విలువ.

ఇప్పుడు నాకు నచ్చిన బ్రాండ్ గురించి చెబుతాను. దానికి యజమాని లేడు, ప్రకటనల్లో నటించే హీరో లేడు, షేర్ మార్కెట్లో ధర లేదు. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లు కూడా ఉండని ఒక ఊరి పేరది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు, భూదాన్ పోచంపల్లి. ఆ ఊరి ఇక్కత్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందని చెప్పే జీఐ ట్యాగ్ వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దాన్ని ఎంచింది. బిరుదులకు లోటు లేదు.

ఆ గుడ్డ విలువ తెలియాలంటే మగ్గం కంటే ముందు జరిగే పని చూడాలి. మామూలు చీరలో డిజైన్ నేతలో పుడుతుంది, లేదా నేశాక అద్దకంలో వస్తుంది. ఇక్కత్‌లో డిజైన్ నూలు మీదే తయారవుతుంది. పోగులను ఒక పక్క మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల వరుసకు చుడతారు. దాన్ని ఆసు పోయడం అంటారు. ఆ పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. చిటికి కట్టడమంటే అదే. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మళ్లీ వేరే చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆఖరుకు ఆ పోగులు మగ్గమెక్కాక ఒక్క పోగు పక్కకు జరిగినా పువ్వు రేకు చెదిరిపోతుంది. పడుగుకూ పేకకూ రెండింటికీ ఇలాగే కట్టి రంగువేసి నేసే డబుల్ ఇక్కత్ అయితే, అడ్డపోగు మీది రంగు నిలువుపోగు మీది రంగుతో సరిగ్గా అదే చోట కలవాలి. ఒక చీరకు వారాలు పడుతుంది.

ఆ ఆసు పోసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఒక చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజాలు పట్టేసి, మోచేతులు పీకి, రాత్రిళ్లు నిద్రపట్టని తల్లులు ఆ ఊళ్లలో ఇంటింటా ఉండేవాళ్లు. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం తన తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం తయారు చేసి, దానికి ఆమె పేరే పెట్టారు. ఐదారు గంటల పని గంటన్నరకు వచ్చింది. ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఏ కంపెనీ పరిశోధన విభాగమూ చేయని పని, పెద్ద చదువుల్లేని ఒక చేనేత కుటుంబం చేసి చూపింది. బ్రాండ్ వెనక కథ ఉండాలని మార్కెటింగ్ పాఠాల్లో చెబుతారు. ఇంతకంటే గొప్ప కథ ఎవరి దగ్గర ఉంది?

కట్టుకున్నాక తెలిసే సుఖం సంగతీ చెప్పాలి. పోచంపల్లి నూలు చొక్కా ఎండాకాలంలో ఒంటికి అంటుకోదు. రంగు పోగులోకి ఇంకి ఉంటుంది కాబట్టి గుడ్డకు ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. ఏళ్లు గడిచినా డిజైన్ పైపొరలా ఊడిరాదు, గుడ్డతోపాటే మెత్తబడుతుంది. ఇలాంటి పేర్లు మనకు ఇంకా ఉన్నాయి. నిజాం అంచుతో నిరాడంబరంగా ఉండే మంగళగిరి ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు ఉంది. నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించిన నూలుతో పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఉంది. ఒక్కో ఊరు ఒక్కో సాంకేతికత. నా దృష్టిలో మన రెండు రాష్ట్రాల్లో అసలైన బట్టల బ్రాండ్లు ఇవే.

అయినా బజారులో జరుగుతున్నది వేరు. ఆన్‌లైన్‌లో పోచంపల్లి చీర అని వెతకండి. వందల రూపాయలకే కుప్పలు తెప్పలుగా వస్తాయి. అందులో చాలావరకు పాలిస్టర్ మీద అచ్చుకొట్టిన బొమ్మలు. వీధి చివరి షాపులో అడిగితే ‘పోచంపల్లి ప్రింట్ మేడమ్’ అంటారు. పట్టుకోవడం కష్టమేం కాదు. గుడ్డ తిప్పి చూడండి, ప్రింటు అయితే వెనక వైపు వెలిసిపోయి ఉంటుంది. డిజైన్ అంచులు చూడండి, ముద్ర వేసినట్టు గీత గీసినట్టు ఉంటే అది ఇక్కత్ కాదు. చేత్తో కట్టి రంగువేసిన పోగుల్లో ఒక రంగు పక్క రంగులోకి కాస్త జారి, అంచు ఈకలా పీచుగా కనిపిస్తుంది. ఆ చిన్న తేడాలోనే వారాల కష్టం ఉంది. ఆ తేడా తెలియని కొనుగోలుదారుకు రెండూ ఒకటే. చవకది కొంటుంది, ఖరీదైనది పెట్టినవాణ్ని మోసగాడనుకుంటుంది. నకిలీ చేసే అసలు నష్టం అది. అమ్మకం పోవడంతో ఆగదు, నిజమైన సరుకు మీదే అనుమానం పుట్టిస్తుంది.

ఇక్కడ ఒక మాట వినిపిస్తుంది. వేల రూపాయలు పెట్టి ఇక్కత్ కొనే స్తోమత ఎంతమందికి ఉంది, పేదింటి ఆడబిడ్డ ఆ డిజైన్ కట్టుకోవద్దా, సిరిసిల్ల మరమగ్గాల మీద బతికేవాళ్లు కార్మికులు కారా అని. న్యాయమైన ప్రశ్నలే. సిరిసిల్ల కార్మికుడు ఎవరికీ శత్రువు కాడు, బతుకమ్మ చీరలు నేసి తన చెమటతో తిన్నాడు. మరమగ్గం గుడ్డను మరమగ్గం గుడ్డగా, ప్రింటును ప్రింటుగా అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. చవకగా అమ్మే హక్కు ఉంది, పక్కవాడి పేరుతో అమ్మే హక్కు లేదు. నా వాదన అంతవరకే.

ఇక అసలు విషయానికి వస్తాను. చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. మొదట 22 రకాలను చేతిమగ్గాలకే కేటాయించి, తర్వాత 11కు కుదించారు. మరమగ్గాల యజమానులు సవాలు చేస్తే 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. కానీ ఆ చట్టం చూపు మగ్గం మీదే ఉంటుంది, అమ్మే కొట్టు మీద ఉండదు. పేరును కాపాడాల్సింది 1999 నాటి జీఐ చట్టం. అందులో 39వ సెక్షన్ ప్రకారం జీఐ పేరును తప్పుగా వాడితే కనీసం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. డీఎస్పీ, ఆపై స్థాయి అధికారి వారెంటు లేకుండా సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. ముందుగా రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుంటే చాలు.

ట్రేడ్‌మార్క్ చట్టంలోనూ దాదాపు ఇదే పద్ధతి. మరి బ్రాండెడ్ చొక్కాల నకిలీలు అమ్ముతున్న గోదాముల మీద దాడులు జరిగి, పోలీసులు మూటలు పేర్చి ఫొటోలు దిగడం మనం చూస్తూనే ఉన్నాం. పోచంపల్లి పేరుతో పాలిస్టర్ అమ్మే కొట్టు మీద అలాంటి దాడి జరిగిందని ఎన్నిసార్లు చదివారు? కారణం కళ్లముందే ఉంది. కంపెనీకి లాయర్లు ఉన్నారు, రోజూ మార్కెట్ తిరిగి నకిలీ పట్టుకునే మనుషులు ఉన్నారు. జీఐ పేరు హక్కు ఉన్నది ఒక చేనేత సహకార సంఘానికి, ఒక తయారీదారుల సంఘానికి. నూలు ధర పెరిగితేనే ఊపిరాడని సంఘం, ఎక్కడో సూరత్‌లో అచ్చయి హైదరాబాద్‌లో అమ్ముడయ్యే సరుకు మీద కోర్టుల చుట్టూ ఎలా తిరుగుతుంది?

అందుకే ప్రభుత్వం ఫిర్యాదీగా నిలబడాలంటాను. చేనేతను మన ప్రభుత్వాలు ఎంతసేపూ సాయం చేయాల్సిన రంగంగానే చూస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నేతన్న నేస్తం కింద ఏడాదికి 24 వేలు ఇచ్చారు, తెలంగాణలో బీమా, రుణమాఫీ, నూలు సబ్సిడీ ఇచ్చారు. ఆకలి మీదున్న ఇంటికి ఆ డబ్బు అవసరమే, నేను కాదనను. కానీ నేతగాడు ఆస్తి ఉన్నవాడు. ఆ ఆస్తి పేరు పోచంపల్లి, మంగళగిరి, గద్వాల, వెంకటగిరి. దాన్ని పట్టపగలు దోచుకుంటుంటే దొంగను వదిలేసి, దోపిడీకి గురైనవాడి చేతిలో ఏటా కొంత డబ్బు పెట్టడం ఏ రకం విధానం? 2009-10 గణనలో దేశంలో చేనేత పనివాళ్లు 43 లక్షల పైచిలుకు. 2019-20 నాటికి 35 లక్షలు. పదేళ్లలో 8 లక్షల మంది తగ్గారు. ఆ మరుసటి సంవత్సరమే, 2020 జులైలో, కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. సలహా చెప్పడానికి నేతగాళ్లకున్న ఆ కాస్త వేదిక కూడా పోయింది.

చేయాల్సిన పనులు పెద్దవేం కావు. చేనేత, మరమగ్గం, ప్రింట్ అన్న మూడు మాటల్లో ఏదో ఒకటి ప్రతి చీర ధర చీటీ మీద, ప్రతి ఆన్‌లైన్ ఫొటో కింద పెద్ద అక్షరాల్లో ఉండాలని నిబంధన పెట్టాలి. రెండు రాష్ట్రాల చేనేత సహకార సంస్థలైన ఆప్కో, టెస్కో షోరూముల్లో బిల్లు మీద నేసినవాళ్ల పేరు, ఊరు అచ్చు వేయాలి. ప్రైవేటు షోరూములు వాళ్లను చూసి వాళ్లే నేర్చుకుంటాయి. జీఐ పేర్ల కేసులు చూడటానికి ప్రతి రాష్ట్రంలో ఒక డీఎస్పీకి బాధ్యత అప్పగించి, చేనేత శాఖ సొంత ఖర్చుతో లాయరును పెట్టాలి. కొనేవాళ్లుగా మనం చేయగలిగింది కూడా ఉంది. కౌంటర్ దగ్గర చీర వెనక్కి తిప్పి చూసి, ప్రింటు అయితే బిల్లు మీద ప్రింటు అనే రాయించుకోవాలి.

1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు రెండు రాష్ట్రాల్లోనూ సభలు ఉంటాయి, శాలువాలు కప్పుతారు, మంత్రులు మాట్లాడతారు. ఈసారి ఆ సభల్లో చేనేత శాఖ కమిషనర్ ఒక కాగితం తెచ్చి చదవాలి. ఏడాదిలో ఎన్ని షాపులు తనిఖీ చేశారు, 39వ సెక్షన్ కింద ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింటిలో శిక్ష పడింది. అంకె సున్నా అయినా సరే, ముందు వరుసలో కూర్చున్న నేతగాళ్ల ముందు చదవాల్సిందే.