చక్రమా, సేవా పతకమా? డ్రోన్ ఆపరేటర్ ఉన్న చోటును బట్టే తేల్చాలి

హనుమకొండ జేఎన్‌ఎస్ మైదానంలో ఆర్మీ కోసం పొద్దున్నే పరుగు తీసే పిల్లల్లో కొందరి చేతికి రేపు తుపాకీతో పాటు రిమోటూ వస్తుంది. పదాతి బెటాలియన్లలో డ్రోన్ ప్లటూన్లు పెడుతున్నట్టు సైన్యం 2025లో ప్రకటించింది. ఉపగ్రహం మీదుగా ఎంతో దూరం నుంచి నడిపే 31 ఎంక్యూ-9బీ డ్రోన్లకు 2024 అక్టోబరులోనే అమెరికాతో ఒప్పందమైంది. మరి ఈ డ్రోన్లు నడిపేవాళ్లకు శౌర్య పతకాలు ఇవ్వొచ్చా?

అమెరికా ఇక్కడే తడబడింది. డ్రోన్ ఆపరేటర్ల వంటివాళ్ల కోసం 2013 ఫిబ్రవరిలో అప్పటి రక్షణ మంత్రి లియాన్ పనెట్టా ప్రకటించిన కొత్త పతకాన్ని, గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ కంటే పైన పెట్టారు. మాజీ సైనికులు భగ్గుమన్నారు. ఏప్రిల్‌లో ఆయన తర్వాత వచ్చిన రక్షణ మంత్రి చక్ హేగెల్ దాన్ని రద్దు చేశారు. 2016లో పాత పతకాలకే 'రిమోట్' అని సూచించే 'ఆర్' అక్షరం తగిలించి సరిపెట్టుకున్నారు.

మనకు ఆ తిప్పలు అక్కర్లేదు. పరమవీర, మహావీర, వీర చక్రలు శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి. యుద్ధంలో విశిష్ట సేవకు యుద్ధ సేవా పతకాలు వేరే ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 27 గగనతల పోరుకు మిగ్-21 నడిపిన అభినందన్‌కు వీర చక్ర దక్కితే, నేల మీద రాడార్ తెర ముందు నుంచి ఫైటర్లకు దారి చూపిన మింటీ అగర్వాల్‌కు యుద్ధ సేవా పతకం వచ్చింది. ఉపగ్రహం మీదుగా డ్రోన్ నడిపేవాళ్లకూ అదే వరుస. క్షిపణి వదిలాక తగిలేదాకా లేజర్ గురి నిలిపేది డ్రోన్ కెమెరా చూసే సెన్సర్ ఆపరేటర్. ఈలోగా తెరమీదికి ఓ పిల్లాడు వస్తే, గురిని ఖాళీ జాగాకు లాగేయడానికి ఉండేది కొన్ని సెకన్లే. పతకమంటూ ఇస్తే ముందు అలా లాగినవాడికే ఇవ్వాలి.

ముందు వరసలో ఎఫ్‌పీవీ (కళ్లద్దాల్లో డ్రోన్ కెమెరా దృశ్యం చూస్తూ నడిపే చిన్న డ్రోన్) నడిపేవాడి సంగతి వేరు. వరంగల్ చేలల్లో పది లీటర్ల ట్యాంకుతో మందు కొట్టే డ్రోన్ కుర్రాడిని అడగండి, చెట్టు అడ్డొస్తే సిగ్నల్ ఏమవుతుందో చెబుతాడు. సరిహద్దులోనూ అంతే, యాంటెన్నా ఎత్తాల్సిందే. ఎత్తితే ఆ రేడియో తరంగాలను అవతలి వాళ్లు రెండు చోట్ల నుంచి పట్టి, గీతలు కలిసిన చోట మోర్టార్ వేస్తారు. అందుకే యాంటెన్నాను దూరంగా కర్రకు కట్టి, కేబుల్ లాగి, తాను బంకర్‌లో కూర్చుంటాడు. కేబుల్ పొడుగైతే సిగ్నల్ బలం పడిపోతుంది, పొట్టిదైతే ప్రాణం మీదికొస్తుంది. ఉక్రెయిన్‌లో వాడే ఫైబర్ తీగ డ్రోన్లకు ఈ రేడియో బెడద లేదు గానీ, తీగ కొమ్మలకు చిక్కుకుంటుంది. ఎఫ్‌పీవీ నడిపేవాడు శత్రువు ఎదుటే ఉన్నాడు, చక్రకు అర్హుడే.

కాబట్టి సిఫారసు పత్రంలో ఎన్ని లక్ష్యాలు కూల్చాడన్నది ఒక్కటే రాస్తే చాలదు. అతను ఎంత దూరంలో ఉన్నాడు, తన మీద కాల్పులు జరిగాయా, అయినా డ్రోన్ వదలకుండా నడిపాడా అన్నదీ ఉండాలి. వీడియో రికార్డు, అసలుది, దానికి జతచేయాలి.