పెన్‌డ్రైవ్ రాజ్యాన్ని కాపాడుకుందాం

వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణాల్లోకి ఈ మధ్య ఒక ప్రమాదకరమైన పెట్టె చొరబడుతోంది. పేరు నాస్, అంటే నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. లోపల రెండు హార్డ్ డిస్కులు, వెనక ఒక నెట్‌వర్క్ కేబుల్. తక్‌పట్టీలు (సరుకు అమ్మకపు చీటీలు), ఖాతాలు, జీఎస్టీ కాగితాలు అన్నీ అందులో పెడితే ఎవరి కంప్యూటర్ నుంచి వారు తెరుచుకోవచ్చట. వ్యాపారం బాగుపడుతుందని అమ్మేవారి మాట. బాగుపడటం సంగతి తర్వాత, ముందు ఇది ఎవరి పొట్ట కొడుతుందో చూడాలి.

ప్రస్తుతం మిర్చి కొనుగోళ్ల లెక్క గుమాస్తా కంప్యూటర్‌లో, ఆయనకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ వెనక క్షేమంగా ఉంది. రెండేళ్లకోసారి ఆయన మేడారం జాతరకు వెళితే వ్యాపారం కూడా ఆయన వెంటే వెళ్తుంది. యజమాని ఫోన్ చేసి, "అన్నా, ఆ ఫైలు ఎక్కడ పెట్టావో కాస్త చెప్పవా" అని బతిమాలుకుంటాడు. జీతం పెంచమని అడిగే ధైర్యం గుమాస్తాకు ఎక్కడి నుంచి వస్తోందనుకున్నారు? దుకాణానికీ గోదాముకూ మధ్య పెన్‌డ్రైవ్ మోసే కుర్రవాడి ఉద్యోగమూ ఇందులోనే ఉంది. అతను ఫైలుతో పాటు వైరస్‌ను కూడా మోసుకెళ్తాడు, అదనపు కూలీ అడగడు.

కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేలకు ఉమ్మడి నిల్వ కొత్తా అని కొందరు వాదిస్తారు. కొత్త కాదు. కానీ చెరువుకు తూము ఉండేది, తూము దగ్గర నీరటికాడు ఉండేవాడు, ఏ మడికి ఎంత నీరో అతను తేల్చేవాడు. ఈ పెట్టెలోనూ ఆ ఏర్పాటుంది. మనిషికో ఖాతా ఇవ్వవచ్చు, జీతాల ఫోల్డర్‌ను ఇద్దరికే పరిమితం చేయవచ్చు, తక్‌పట్టీలను కొందరు చదవడమే తప్ప దిద్దకుండా చేయవచ్చు. అంత అపనమ్మకం మన సంస్కృతి కాదు గనుక అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెడతాం: యజమాని ఫోన్ నంబరు. మరచిపోయే భయం లేదు, బిల్లు పుస్తకం మీద అచ్చయ్యే ఉంటుంది.

పాత స్కానర్ ఒకటి మూలన ఉంటుంది. అది పనిచేయాలంటే కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో మొదటి వెర్షన్ తెరిచి ఉంచాలి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది సరిగ్గా ఆ దారినే. ఆ కంత పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, పెట్టుకోనివారు పెట్టుకోలేదు. అయినా స్కానర్ మీద పెట్టిన డబ్బు రాబట్టుకోవద్దా?

ఇక బేరం. 4 టెరాబైట్ల డిస్కులు రెండు కొంటే వాడుకోవడానికి దక్కేది 4 మాత్రమే. దడ్వాయి ఇలా తూస్తే మార్కెట్ బంద్ అయ్యేది! ప్రతి ఫైలూ రెండింటిలోనూ రాస్తుంది గనుక ఒక డిస్కు పోయినా రెండోది పని నడిపిస్తుందని, దీన్ని రైడ్ 1 అంటారని సర్ది చెబుతారు. అంతటితో యజమాని దీన్ని బ్యాకప్ అనుకుని నిశ్చింతగా నిద్రపోతాడు. ఎవరైనా పొరపాటున ఖాతా ఫైలు తుడిచేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి తుడిచిపెట్టుకుపోతుంది. అందులో పక్షపాతం లేదు. ఫైళ్ల పాత రూపాలను దాచి ఉంచే స్నాప్‌షాట్ వసతి ఆన్ చేసి ఉంటే నిన్నటి ఫైలు దొరికేది. దానికి సెట్టింగుల్లోకి వెళ్లాలి. పెట్టె కొన్న నాటి నుంచి అక్కడికి వెళ్లిన మనిషి లేడు.

కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఒక్కోసారి పెట్టెకు కొత్త ఐపీ చిరునామా ఇస్తుంది. కంప్యూటర్లేమో పాత చిరునామాలో వెతికి, పెట్టె లేదని తేల్చేస్తాయి. రౌటర్‌లో ఆ చిరునామాను స్థిరంగా కేటాయిస్తే పది నిమిషాల పని. కానీ అలా తీరిపోతే కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి గతేమిటి? వేగం చాలదని వాపోయేవారు పాత 100 మెగాబిట్ల నెట్‌వర్క్ స్విచ్ మార్చుకుంటే చాలు, సెకనుకు 12 మెగాబైట్లు దాటనిది గిగాబిట్‌లో 110 దాకా వెళ్తుంది. అంత తొందర ఎవరికుంది, మధ్యలో చాయ్ తాగవచ్చు.

చివరగా 3-2-1 అనే నియమం ఒకటి చెబుతారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి మరో చోట. ఇందులో మనకు నేర్పాల్సింది ఏమీ లేదు. కిందటేడు గుమాస్తా ఒకాయన మానేసి ఎదురు అడ్తిలో చేరాడు, జేబులో పెన్‌డ్రైవ్‌తో. మన రైతుల జాబితా, బాకీల లెక్క, ధరల పట్టిక మొత్తం ఇప్పుడు మరో భవనంలో భద్రంగా ఉన్నాయి. పైగా వాళ్లు రోజూ తెరిచి పరీక్షిస్తున్నారు కూడా.