ఒక్క కథలో ఇమడని హింస

హైతీని డువాలియే తండ్రీకొడుకులు 1957 నుంచి 1986 దాకా ఏలారు. వారి టాంటన్ మకూట్ ముఠాలు పట్టుకెళ్లిన మనుషుల్లో ఎందరో తిరిగి రాలేదు. ఫ్రాన్సుకు పారిపోయిన కొడుకు 2011లో స్వదేశానికి వచ్చాడు, శిక్షేదీ పడకుండానే 2014లో కన్నుమూశాడు.

ఆ దేశపు బిడ్డ ఎడ్విజ్ డాంటికా 2004లో వెలువరించిన 'ద డ్యూ బ్రేకర్'లోని కథలన్నీ ఇలా శిక్ష తప్పించుకున్న ఒక మనిషి చుట్టూ అల్లుకున్నవే. ఒకప్పుడు జైల్లో చిత్రహింసలు పెట్టినవాడు బ్రూక్లిన్‌లో సెలూన్ నడుపుకుంటుంటాడు. కన్నకూతురు కూడా అతణ్ని జైలుపాలైన బాధితుడనే నమ్ముతుంది. అతని ఇంటి కింది భాగంలో అద్దెకుంటున్న యువకుడు మాత్రం తన తల్లిదండ్రుల్ని చంపింది ఇతనే అనుకుంటాడు. ఓ రాత్రి చంపడానికని మంచం దాకా వెళ్తాడు. ఇతను వేరే మనిషేమోనన్న భయంతో ఆగిపోతాడు.

మరో కథలో పెళ్లి దుస్తులు కుట్టే ఒక స్త్రీ ఉంది. డాన్సుకు రానన్నందుకు ఒక జైలు గార్డు ఆమె అరికాళ్లు చిట్లేలా కొట్టి, మిట్టమధ్యాహ్నం కాలే తారురోడ్డు మీద ఇంటికి నడిపించాడు. ఇన్నేళ్లకు అమెరికాలో, తన వీధిలోనే వాడు ఉంటున్నాడని ఆమె నమ్మకం. నిజానికి ఆ ఇల్లు ఖాళీ. ఆమె భయం మాత్రం ఉత్తిది కాదు.

ఇదే ఒక నవలయితే పాఠకుడు చివరి అధ్యాయంలో తీర్పు కోసం ఎదురుచూస్తాడు. విడివిడి కథల్లో ఆ ఊరట దొరకదు. ఒకరి గాయం సంగతి పక్క కథలోని వారికి తెలియదు, పాఠకుడికి తెలుస్తుంది. ఆ బరువు మోయాల్సింది అతనే. హింస అనంతర జీవితాన్ని చెప్పడానికి ఇంతకన్నా నిజాయతీ గల పద్ధతి మాకు కనిపించడం లేదు.

ఈ పద్ధతి మనకూ కావాలి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. మరి ఆ ఎనిమిది మందిని చంపిందెవరు? ఈ ప్రశ్నతో బతుకుతున్న భార్యలు, అప్పటికి పుట్టని మనవలు, ఆ రోజు తలుపులు వేసుకున్న ఇరుగుపొరుగు... ఎవరి కథ వారిదే, అన్నీ ఒకే ఊరివి. మన వారపత్రికలు, ఆదివారం అనుబంధాలు ఒక్కో కథకు రెండు పేజీలు కేటాయించి సరిపెడుతున్నాయి. ఒకే ఘటన చుట్టూ అల్లిన కథలకు వరసగా కొన్ని వారాలు చోటివ్వాలి. అలాంటివి రాయమని ఇలాంటి ఘటనలు జరిగిన ఊళ్ల నుంచి వచ్చిన రచయితలనే ముందుగా అడగాలి.