శాశ్వత పరిష్కారం, మరొక్కసారి

రాజీ పడటం చేతకాని నాయకుల మొండితనం వల్లనే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చిందని కొందరు పెద్దలు ఇప్పటికీ వాపోతూ ఉంటారు. ఆ నాయకుల పట్ల ఇంతకు మించిన అపచారం లేదు. 1787 నుంచి 1861 దాకా బానిసత్వం విషయంలో వారు రాజీ పడని దశాబ్దం దాదాపు లేదు. కుదుర్చుకున్న ప్రతి రాజీకీ ఇదే ఆఖరిదని ముద్ర వేయడం కూడా వారు మరిచిపోలేదు. అంతటి శ్రమజీవులను సోమరులన్నట్టు మాట్లాడటం న్యాయం కాదు.

మొదటి రాజీ రాజ్యాంగంలోనే ఉంది. జనాభాలో బానిసను ఎలా లెక్కపెట్టాలన్న చిక్కు రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభలో వచ్చినప్పుడు, ప్రతినిధుల సభలో సీట్ల పంపకానికి వచ్చేసరికి అతడు నిండు మనిషేనని, బానిసలను ఎక్కువగా ఉంచుకున్న దక్షిణాది ప్రతినిధులు ఉదారంగా ఒప్పుకున్నారు, పన్నుల ప్రస్తావన వస్తే మాత్రం అంత ఉదారత చూపలేకపోయారు. చివరికి ఐదింట మూడు వంతుల మనిషి దగ్గర బేరం తెగింది. ఆ మూడు వంతుల పుణ్యాన అదనంగా వచ్చిన సీట్లలో కూర్చున్నవారు మాత్రం నిండు యజమానులే.

1820లో మిస్సోరి బానిస రాష్ట్రంగా చేరతానన్నప్పుడు, రెండు వైపుల తూకం చెడకుండా మేన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా, అంటే బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకుని, ఊరి పెద్దలు గట్టు తగాదాకు తాడు పట్టినట్టు 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం వెంబడి ఒక గీత గీశారు. పడమటి కొత్త భూముల్లో ఆ గీతకు ఉత్తరాన మనిషిని కొనడం నేరం, దక్షిణాన వ్యవసాయం. మిస్సోరి దాదాపు మొత్తం ఆ గీతకు ఉత్తరానే ఉంది కదా అని పాఠకులు అడగవచ్చు. నియమం పుట్టిన రోజునే మినహాయింపు కూడా పుట్టిందని గ్రహించగలరు.

ఆ తర్వాత ప్రతినిధుల సభ మరింత సులువైన మార్గం కనిపెట్టింది. బానిసత్వాన్ని గురించి ప్రజలు పంపే అర్జీలను చర్చించకుండా, చదవకుండా పక్కన పెట్టాలని 1836లో తీర్మానించి, మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఎంత గొంతు చించుకున్నా 1844 దాకా ఆ నోటికట్టు విప్పలేదు. ఇక మెక్సికోతో యుద్ధం చేసి 1848లో విస్తారమైన భూమి సంపాదించాక పాత గొడవ కొత్త నేల మీద మొలిచింది. గెలిచిన భూమిలో బానిసత్వం ఉండరాదని అంతకు ముందే విల్మట్ అనే సభ్యుడు ప్రతిపాదించగా ప్రతినిధుల సభ సరేనంది, సెనేట్ కుదరదంది.

దాంతో 1850లో మరో శాశ్వత పరిష్కారం వచ్చింది. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమైంది. అందుకు బదులుగా పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే కఠినమైన చట్టం దక్షిణాదికి దక్కింది. ఈ చట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. విచారించే కమిషనర్ అతణ్ణి యజమానికి అప్పగిస్తే రుసుము 10 డాలర్లు, వదిలిపెడితే 5 డాలర్లు. అప్పగింతకు కాగితాలు ఎక్కువ రాయాలి కనుక ఈ తేడా అని చట్టసభ పెద్దలు సెలవిచ్చారు. న్యాయానికి కూలి కట్టే పద్ధతి ఇంత నిజాయితీగా ముద్రణకెక్కడం అరుదు. 1852 ఎన్నికల్లో పెద్ద పార్టీలు రెండూ ఈ పరిష్కారాన్ని శిరసావహించి, ఇకపై ఈ గొడవ ఎత్తరాదని ఊరేగి మరీ చెప్పాయి.

అయినా పరిష్కారాలు నిలవలేదు. ఇందుకు అసలు దోషులు పటం మీద గీత ఎక్కడుందో చూసుకోకుండా ఉత్తరానికి నడిచిపోయిన బానిసలే. వారు తమకు కేటాయించిన చోట కదలకుండా కూర్చుని ఉంటే ఎందరు మహానుభావుల కృషి వృథా కాకుండా ఉండేదో!

1854లో ఇలినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ రంగంలోకి దిగారు. షికాగో నుంచి పడమటికి రైలు మార్గం పడాలంటే నెబ్రాస్కా ప్రాంతానికి ప్రభుత్వం ఏర్పడాలి, అందుకు దక్షిణాది ఓట్లు కావాలి. అందుకని 1820 నాటి గీత చెరిపేసి, బానిసత్వం కావాలో వద్దో అక్కడి జనమే తేల్చుకోవాలన్నారు. ప్రజాస్వామ్యం కదా, కాదనేదెవరు? ఆ చట్టంతోనే ఏర్పడిన కాన్సస్ ప్రాంతంలో 1855 మార్చిలో శాసనసభకు ఎన్నిక జరిగింది. అర్హులైన ఓటర్లు 2,905 మంది; పోలైన ఓట్లు 6,307. పొరుగున ఉన్న మిస్సోరి నుంచి తుపాకులతో, కత్తులతో తరలివచ్చిన వారి పౌరస్పృహ అంత గొప్పది. మన వైపు దొంగ ఓటు వేసేవాడు కనీసం చచ్చినవాడి పేరైనా చెప్పి సిగ్గుపడతాడు; వీరికి ఆ మొహమాటం కూడా లేదు. అలా ఎన్నికైన శాసనసభ బానిసత్వానికి రక్షణ కల్పిస్తూ చట్టాలు చేసింది, ఒప్పుకోనివారు పోటీ ప్రభుత్వం పెట్టుకున్నారు, తుపాకులు పేలాయి.

చర్చ స్థాయి పెరగడం మరుసటి ఏడాది సెనేట్‌లోనే కనిపించింది. మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ కాన్సస్ దురాగతాల మీద రెండు రోజులు ప్రసంగించి, దక్షిణ కరోలినా సెనేటర్ బట్లర్‌ను తూలనాడారు. బట్లర్ బంధువు, ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ 1856 మే 22న సెనేట్ హాలులోకి వచ్చి, బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్న సమ్నర్‌ను చేతికర్ర విరిగేదాకా బాదారు. నేలకు బిగించిన బల్లను పెకలించుకుని లేచిన సమ్నర్ రక్తం కారుతూ కూలిపోయారు. బ్రూక్స్‌కు కోర్టు వేసిన జరిమానా 300 డాలర్లు. రాజీనామా చేసిన ఆయనను నియోజకవర్గం తిరిగి గెలిపించింది. విరిగినదానికి బదులుగా అభిమానులు కొత్త కర్రలు కానుకగా పంపారు. మసాచుసెట్స్ సమ్నర్‌ను మళ్లీ ఎన్నుకుని, ఆయన కోలుకునేదాకా ఖాళీ కుర్చీని సెనేట్‌లో ఉంచింది. దేశంలో సగం కర్రను, సగం కుర్చీని ఆరాధిస్తున్నా సామరస్యం గురించి ఉపన్యాసాలు ఆగలేదు.

రాజకీయులు తేల్చలేనిది న్యాయమూర్తులు తేల్చాలి కదా. ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు త్వరలో శాశ్వతంగా పరిష్కరిస్తుందని 1857 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేస్తూ అధ్యక్షుడు బుకానన్ చెప్పారు. కొందరు న్యాయమూర్తులతో ఆయనకు ముందే ఉత్తరాలు నడిచాయి కాబట్టి జోస్యం రెండే రోజుల్లో ఫలించింది. స్వేచ్ఛా నేల మీద ఏళ్ల తరబడి బతికాను కనుక స్వేచ్ఛ ఇమ్మని డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన దావా పదకొండేళ్లు నడిచింది. నల్లజాతివారు ఈ దేశ పౌరులే కారనీ, కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదనీ ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు చెప్పారు. 1820 నాటి శాశ్వత పరిష్కారం మొదటి నుంచీ చెల్లనిదేనని ఆ విధంగా తెలిసివచ్చింది.

బానిసత్వం కొత్త భూములకు పాకరాదన్న లింకన్ 1860లో అధ్యక్షుడిగా గెలిచారు. దక్షిణాదిన చాలా రాష్ట్రాల్లో ఆయనకు ఓటు వేసే ఏర్పాటే లేదు, అయినా గెలవడం మర్యాద కాదని ఆ రాష్ట్రాలు భావించాయి. డిసెంబర్‌లో దక్షిణ కరోలినా విడిపోయింది. రాష్ట్రాల హక్కుల కోసమే విడిపోయారని చెప్పేవారు ఆ రాష్ట్రం విడుదల చేసిన ప్రకటన ఒకసారి చదవాలి. పారిపోయిన బానిసలను అప్పగించకుండా ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకుంటున్నాయన్నదే అందులోని పెద్ద ఫిర్యాదు. రాష్ట్రాల హక్కులు ఎంత పవిత్రమైనవో, అవి ఎవరి రాష్ట్రానివో చూసి కదా చెప్పాలి! మిసిసిపీకి ఈ డొంకతిరుగుడు నచ్చలేదు. తమ వైఖరి బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని ప్రకటన ఆరంభంలోనే రాసుకుంది. అప్పటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. ఇన్ని రాజీల్లో ఒక్కదానికైనా వారి సంతకం అడిగినవారు లేరు.

అప్పుడు కూడా కాంగ్రెస్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రాష్ట్రాల్లోని బానిసత్వం జోలికి కాంగ్రెస్ ఎన్నటికీ పోరాదంటూ 1861 మార్చి మొదట్లో ఒక రాజ్యాంగ సవరణను ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. ఆమోదం పొందితే అది 13వ సవరణ అయ్యేది. ఏప్రిల్ 12న దక్షిణ కరోలినాలోని సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలి అంతర్యుద్ధం మొదలైంది, ఆ అంకె 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన సవరణకు దక్కింది. 1861 నాటి ఆ సవరణకు గడువు పెట్టలేదు కనుక, సాంకేతికంగా అది ఇప్పటికీ రాష్ట్రాల పరిశీలనలోనే ఉంది.