పాత ఇంకు పెన్నుకు వేడినీళ్ళ వైద్యం వద్దు

"పాత లీవర్ పెన్ను సిరా పీల్చడం లేదా? రాత్రంతా వేడినీళ్ళలో నానబెట్టండి. పొద్దున లీవర్ గట్టిగా లాగండి. రాకపోతే పట్టకారుతో విప్పి, కొత్త రబ్బరు సంచి సూపర్ గ్లూతో అతికించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. ఏ పాత పెన్నుకైనా ఇదే మందు." ఈ సలహా తెగ తిరుగుతోంది. లీవర్ పెన్ను అంటే, బ్యారెల్ (పెన్ను ఒళ్ళు) పక్కనున్న మీట ఎత్తితే లోపలి రబ్బరు సంచి నొక్కుకుని, వదిలితే సిరా పీల్చుకునేది. సంచి మార్చాలన్న మాట తప్ప మిగతాదంతా తప్పు. బాగుపడాల్సిన పెన్నులు దీనివల్ల చేతులారా పాడవుతున్నాయి.

మొదట వేడినీళ్ళ సంగతి. పాత పెన్నులన్నీ ఒకే సరుకుతో చేసినవి కావు. నల్ల ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) వేడినీళ్ళలో పడితే గోధుమ, పాచి రంగుల్లోకి తిరుగుతుంది. పాలిష్ పట్టి ఆ పొర తీస్తే, పైన చెక్కిన సన్నటి నగిషీ కూడా అరిగిపోతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడి వంకర్లు పోతుంది. కేసీన్ (పాల ప్రోటీన్‌తో చేసిన ప్లాస్టిక్) పెన్నయితే చన్నీళ్ళకే ఉబ్బుతుంది. పైగా సంచిని నొక్కే లోపలి బద్ద సాధారణంగా ఉక్కుది. బ్యారెల్‌లోకి నీళ్ళు చేరితే తుప్పు పడుతుంది.

లీవర్ లాగడమా? అది కదలనిది ఎందుకు? లోపలి లేటెక్స్ సంచి ఏళ్ళు గడిచి గట్టిపడి, లీవర్‌కు అడ్డంగా నిలబడింది కాబట్టి. బలవంతం చేస్తే లీవర్ వంగుతుంది, లేదా దాని గాడి అంచు పగులుతుంది. కొన్నిటిలో సంచి అప్పటికే పెళుసుబారి ముక్కలైపోయి ఉంటుంది. చెవి దగ్గర ఆడిస్తే గలగలమంటుంది.

పట్టకారు పళ్ళు బ్యారెల్ మీద గాట్లు పెడతాయి, అంచును చీల్చేస్తాయి. పాళీ భాగం బ్యారెల్‌లో దిగే చోట హెయిర్ డ్రయర్‌తో, పెన్ను తిప్పుతూ, వేలికి ఓర్చుకోగలిగినంత వేడి మాత్రమే తగలనివ్వండి. పట్టు కోసం రబ్బరు ముక్క చుట్టి చేత్తోనే అటూ ఇటూ కదపండి. కొన్నిటికి మర ఉంటుంది, అందుకే లాగేముందు తిప్పి చూడాలి. రాకపోతే మళ్ళీ వెచ్చచేయాలి. మంట మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు: పాత సెల్యులాయిడ్ అంటే సెల్యులోజ్ నైట్రేట్, భగ్గుమంటుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది సూపర్ గ్లూ. కొత్త సంచి కూడా ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. అప్పుడు పెన్ను మళ్ళీ విప్పాలి. అందుకే మరమ్మతు తెలిసినవాళ్ళు షెల్లాక్ (లక్క జిగురు) వాడతారు. వెచ్చచేస్తే అది పట్టు వదులుతుంది. సంచి తొడిగే బొడిపె మీద పాత రబ్బరు, పాత లక్క గీకేసి, చుట్టూ పల్చగా షెల్లాక్ రాసి, సంచి మూతి తొడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత సంచికి టాల్క్ పొడి అద్ది బ్యారెల్‌లోకి పంపాలి.

పెట్రోలియం జెల్లీ లేటెక్స్‌ను ఉబ్బించి జిగురుగా మార్చేస్తుంది. జిడ్డు కావలసింది సంచి లేకుండా లోపల పిస్టన్ కదిలి సిరా పీల్చే పెన్నులకు; వాటికైనా సిలికాన్ గ్రీజు, అదీ చాలా కొద్దిగా.

ఇక "ఏ పెన్నుకైనా ఇదే మందు" అన్న మాట. పార్కర్ 51నే తీసుకోండి. 1941లో వచ్చినప్పుడు దానిది వాక్యూమాటిక్ పద్ధతి: లోపల ఉండేది సంచి కాదు, రబ్బరు డయాఫ్రమ్ (సాగే పొర). దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. 1948 నుంచి వచ్చిన ఏరోమెట్రిక్ రకంలో ప్లాస్టిక్ సంచి పెట్టారు, వాటిలో చాలా సంచులు ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తున్నాయి. అలాంటి పెన్ను సిరా పీల్చకపోతే తరచుగా కారణం ఎండిన సిరాయే. పాళీ చన్నీళ్ళలో ముంచి, సంచి మీది బద్దను నొక్కి వదులుతూ నీళ్ళు తేటపడేదాకా కడగండి. చాలావాటిని విప్పాల్సిన పనే పడదు.