ముందు వడ్డీ ఎక్కువున్న అప్పు తీర్చాలి

ఇంటి అప్పులు ఎలా తీర్చుకోవాలో చెబుతూ మీరు వేసిన వ్యాసంలో, అన్నిటికంటే చిన్న అప్పును ముందు తీర్చేస్తే ధైర్యం వస్తుందని రాశారు. ధైర్యం వస్తుంది, నిజమే. కానీ మన ఇళ్లలో చిన్న అప్పు అంటే సాధారణంగా బంధువుల దగ్గర తీసుకున్న చేబదులు, దానికి వడ్డీ ఉండదు. పెద్దది ప్రామిసరీ నోటు మీద తెచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. అంత కట్టినా అసలులో రూపాయి తగ్గదు! మహిళా స్వయం సహాయక సంఘాలకు 3 లక్షల వరకు బ్యాంకు రుణం ఏడాదికి 7 శాతం వడ్డీకే వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు సంఘంలో ఉంటే, తమ వాటాకు వచ్చిన డబ్బుతో ముందు ఆ నోటు భారం దించుకోవాలి.

విడతలుగా కట్టేవారు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. బాకీ తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోండి. మొహమాటపడి ఊరుకుని, తీర్చిన బాకీనే మళ్లీ కట్టినవారిని మా ఊళ్లో చూశాను.

అప్పు తీర్చడానికి పాలు, కూరగాయలు తగ్గించుకోమని ఆ వ్యాసంలో ఇచ్చిన సలహా మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఎదిగే పిల్లల కంచంలో కోత పెట్టి తీర్చే అప్పు ఏమిటండీ? ఏటా కొత్త అప్పు పుట్టేది జూన్‌లో, బడి ఫీజుల దగ్గర. అది వస్తుందని ముందే తెలుసు కాబట్టి సంక్రాంతి దాటగానే నెలనెలా కొంత విడిగా తీసి పెట్టడం మేలు. దాని మీద కూడా రాయండి.