మహారాజశ్రీ కాలేజీ వైఫై గారికి

మహారాజశ్రీ కాలేజీ వైఫై గారికి, కావలి దగ్గరి మన హాస్టల్ మూడో అంతస్తు, మెట్ల పక్క గది నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని ఫోన్లో గీతలు నిండుగా చెబుతూనే ఉన్నాయి. వాటి కింద ‘ఇంటర్నెట్ లేదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది వేరే సంగతి.

తమరి దర్శనానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. పేరు, రోల్ నంబరు, ఫోన్ మ్యాక్ అడ్రస్ (అంటే వైఫై దగ్గర ఫోనుకుండే అసలు పేరు లాంటి నంబరు), మా శాఖ పెద్ద హెచ్‌ఓడీ గారి సంతకం. మ్యాక్ అడ్రస్ ‘అబౌట్ ఫోన్’లో ఉంటుందని ఫారం అడుగునే అచ్చేశారు. అక్కడున్న 12 అక్షరాలూ పొల్లుపోకుండా ఎక్కించి ఇచ్చాం. అయినా గుమ్మంలోనే ఆపేశారు.

సిస్టమ్ అడ్మిన్ సారు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, “నీ ఫోను అబద్ధం చెప్తా ఉంది అబ్బయ్యా” అన్నారు. సారు మాట నిజమే. మాల్స్‌లో, స్టేషన్లలో మనం ఎక్కడెక్కడ తిరిగామో ఈ అడ్రస్‌తోనే ఆరా తీసే వీలుంది. అందుకే 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఫోన్ల ఐఓఎస్ 14 వచ్చాక, ఏ వైఫైకి ఆ వైఫైకి ఫోను ఓ మారుపేరు చెప్పడం మొదలెట్టింది. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఇ లలో ఏదైనా అయితే అది మారుపేరే. అంటే శుభలేఖలో ఒకడి పేరు, పీటల మీద ఇంకొకడు. సెట్టింగ్స్‌లో తమరి పేరు నొక్కి, ప్రైవసీలోకి వెళ్లి, ‘డివైస్ మ్యాక్’ అని మారిస్తే సరి. అర నిమిషం పని. ఆ ఒక్క ముక్క అచ్చేయించడానికి మాత్రం ఇన్నేళ్లూ కాగితం చాలలేదు.

తమరు అసలువారేనని తేల్చే సర్టిఫికెట్ దగ్గర ‘వాలిడేట్ చేయొద్దు’ (తనిఖీ వద్దు) నొక్కమని గోడకు ఇంకో కాగితం అంటించారు. తమరి పేరే పెట్టుకుని ఎవడో దొంగ వైఫై తెరిచి పాస్‌వర్డులు లాగేస్తాడని, ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో ఆ మాటే ఎత్తేశారు. కాగితం మాత్రం చెక్కుచెదరలేదు.

మనిషికి రెండు పరికరాలే అన్నారు, ఒప్పుకున్నాం. కానీ ట్రంకు రోడ్డులో అమ్మేసిన నా పాత ఫోను ఇంకా తమరి లెక్కలో నాదే. తీసేయాలంటే ఆ ఫోనే తెచ్చి చూపించాలట! కొనుక్కున్నాయన ఇప్పుడు ఎక్కడున్నాడో ఏమో.

రాత్రి భోజనాలయ్యాక అసలు తిరనాళ్ల మొదలవుతుంది. తమరి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడ దాటడానికి మొహమాటపడుతుంది కాబట్టి, చివరి గదుల వాళ్లంతా ల్యాప్‌టాప్‌లు, దుప్పట్లు చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు చేరతారు. మా చెప్పులు ఎవరి కింద ఉన్నాయో వెతుక్కోవాలి. అందరి స్క్రీన్ల మీదా ఒకటే మాట: ‘ఐపీ అడ్రస్ పొందుతోంది’. నెట్‌లోకి వెళ్లాలంటే ప్రతి పరికరానికీ ఈ అడ్రస్ ఒకటి కావాలి. మామూలు ఏర్పాటులో ఒక నెట్‌వర్కుకి దొరికేవి 254 అడ్రసులు. మనిషికి రెండు పరికరాలున్న హాస్టల్‌కి ఏ మూలకొస్తాయి?

తమరికి చేతకాదని మాత్రం అనను. కాలేజీల నాణ్యత తేల్చే నాక్ బృందం వచ్చిన రోజు చూశాంగా! ఫారం లేదు, సంతకం లేదు, క్యాంటీన్ వెనక చెట్టు కింద కూడా వీడియో ఆగకుండా ఆడింది. మళ్లీ ఎప్పుడొస్తారో ఆ పెద్దమనుషులు.

ఈ లేఖను ఫిర్యాదుగా స్వీకరించాలంటే తమరి పోర్టల్‌లోనే పెట్టాలన్నారు. పోర్టల్ కాలేజీ వైఫైలో తప్ప తెరుచుకోదట. పోనీ కాగితం మీద ఇద్దామంటే దానికీ హెచ్‌ఓడీ గారి సంతకం కావాలి. ఆయన సోమవారం దాకా లీవు.

ఇట్లు,
తమరి లెక్కలో ఇంకా పాత ఫోనుగానే ఉన్న
మూడో సంవత్సరం విద్యార్థి